నాలుగడుగుల ట్యాంకులో పెద్ద చేపలు: ఏది దేనితో కలుస్తుంది?

ప్రశ్న: మాది రాయగడ. మావారి ఆఫీసులో ఒకాయన బదిలీ మీద వెళ్తూ తన అక్వేరియం మాకిచ్చేశారు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. మా బాబుకి పదకొండేళ్లు. వాడికి చిన్న చేపలు వద్దట, పెద్దవే కావాలట. షాపాయన ఒక చీటీ రాసిచ్చాడు: ఆస్కార్లు రెండు, షార్కులు రెండు, గోల్డ్‌ఫిష్‌లు నాలుగు, పారెట్లు రెండు, అద్దం శుభ్రం చేయడానికి సక్కర్ ఒకటి. ఇవన్నీ కలిసి ఉంటాయా అంటే ఒడియాలో “సబు చళిబ” (అన్నీ నడుస్తాయి) అంటున్నాడు. వాస్తుకి మంచిది, ఒక అరవానా చేప కూడా పెట్టుకోండి అన్నాడు. మేం ఇదివరకెప్పుడూ చేపలు పెంచలేదు. మొదటి అంతస్తులో అద్దెకుంటున్నాం. బోరు నీళ్లు. సంక్రాంతికి వారం రోజులు పార్వతీపురం వెళ్లిపోతాం. ఇంట్లో చేపలు చచ్చిపోతే కీడని మా అత్తగారి భయం. మమ్మల్ని ఏం తెచ్చుకోమంటారు?
— ఒక సోదరి, రాయగడ

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ చీటీ పక్కన పెట్టేయండి. మీ ట్యాంకుకి నేను చెప్పేది ఇది: ఐదు సిల్వర్ డాలర్ చేపలు, వాటితో ఒక సెవరమ్ చేప. అలా కాదు, బాబుకి ఆస్కారే కావాలంటే ఒకే ఒక్క ఆస్కార్, దానికి తోడు ఇంకేమీ లేకుండా. ఈ రెండింట్లో ఏదో ఒకటి. షాపాయన చెప్పిన పదకొండు చేపల్నీ అందులో వేస్తే ఏడాది తిరిగేసరికి మిగిలేవి రెండో మూడో.

“సబు చళిబ” అన్నది ఈ రోజు వరకు నిజమే. షాపులో అవన్నీ రెండంగుళాల పిల్లలు. ఒక సంచిలో పోసి ఇచ్చినా ఇంటిదాకా కొట్టుకోకుండా వస్తాయి. కానీ ఆస్కార్ పిల్ల బాగా తింటే మొదటి ఏడాదిలో నెలకి దాదాపు అంగుళం పెరుగుతుంది. చివరికి పది నుంచి పన్నెండు అంగుళాలు, అంటే మీ ట్యాంకు వెడల్పులో మూడింట రెండొంతులు. అది అటు తిరిగి ఇటు తిరగాలన్నా ఆ అడుగున్నరలోనే తిరగాలి. మీ ట్యాంకు అంచుదాకా నింపితే 255 లీటర్లు పడుతుంది. కింద ఇసుక, పైన వదిలే ఖాళీ తీసేస్తే అసలు నీరు 220 లీటర్ల చిల్లర. పెద్ద ఆస్కార్ ఒక్కదానికే 280 లీటర్లు ఉండాలంటారు పెంచేవాళ్లు. మీది దానికి కొంచెం తక్కువే. అందుకే ఒక్కటంటే ఒక్కటి అన్నాను, అది కూడా నీళ్లు క్రమం తప్పకుండా మార్చే ఇంట్లో.

షార్కుల సంగతి నా సొంత తప్పు నుంచే చెప్తాను. నేను పర్లాకిమిడిలో చేపలు మొదలుపెట్టిన కొత్తలో మూడడుగుల ట్యాంకులో రెండు షార్క్ పిల్లలు వేశాను. నల్లగా నిగనిగలాడుతూ, వీపు మీద రెక్క నిలబెట్టుకుని, నిజంగానే చిన్న సొరచేపల్లా ఉండేవి. ఆరు నెలలకి వాటి పద్ధతి మారింది. వీధిలో బండి హారన్ కొట్టినా, ఎవరైనా తలుపు గట్టిగా వేసినా బెదిరిపోయి ఈ చివర నుంచి ఆ చివరికి దూసుకెళ్లి అద్దాన్ని గుద్దుకునేవి. మూతుల మీద చర్మం ఊడి ఎర్రగా పచ్చిపుండు. మందులు వేశాను, మానినట్టే మానేది, మళ్లీ గుద్దుకునేవి. ఒకరోజు బజారులో చేపలు కొంటుంటే కత్తిపీట పక్కన అదే తల, అదే రెక్క కనబడ్డాయి. ముళ్లు తీసి ముక్కలుగా అమ్మే పంగస్ చేప అది! మన చెరువుల్లో తిండికి పెంచే ఆ చేప పిల్లల్నే అక్వేరియం షాపుల్లో షార్క్ పేరుతో అమ్ముతారు. మెకాంగ్ లాంటి పెద్ద నదుల్లో గుంపులుగా తిరిగే జాతి, నాలుగడుగుల దాకా పెరుగుతుంది. చేప పొడవూ మీ ట్యాంకు పొడవూ ఒకటే అన్నమాట. నా రెండింటినీ చివరికి పంగస్ పెంచే ఒక చెరువు ఆసామికి ఇచ్చేశాను. ఆ మూతులు ఇప్పటికీ నాకు గుర్తే. మీ బాబుకి ఆ దృశ్యం చూపించకండి.

గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ల చేప. ఆస్కార్, డాలర్, సెవరమ్ అమెజాన్ ప్రాంతపు వెచ్చటి నీళ్లవి, వాటికి 25 నుంచి 28 డిగ్రీలు కావాలి. రెండింటినీ ఒకే నీళ్లలో పెడితే ఎవరో ఒకరికి ఎప్పుడూ ఇబ్బందే. పైగా గోల్డ్‌ఫిష్ నెమ్మదైనది, రెక్కలు పొడవు. ఆస్కార్ పక్కన వేస్తే ముందు ఆ రెక్కలు పోతాయి, తర్వాత చేపే పోతుంది. అరవానా గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. షాపుల్లో మామూలుగా దొరికే సిల్వర్ అరవానా మూడడుగులు పెరుగుతుంది, దానికి మీ ట్యాంకు మంచం చాలని మనిషికి ఉయ్యాల లాంటిది. పైకి ఎగిరి దూకే గుణం కూడా ఉంది. బాబు ఎక్కడైనా ఫ్లవర్‌హార్న్ చూసి అడిగితే, అది మనుషులు జాతులు కలిపి పుట్టించిన చేప, ఒంటరిగా తప్ప ఉండదు.

ఇక సక్కర్. అద్దం మీద పాచి తింటుందని ప్రతి షాపులోనూ అంటగడతారు. చిన్నప్పుడు తింటుంది, నిజమే. పెద్దదయ్యాక అడుగున్నర దాకా పెరిగి, తినే పాచి కంటే వేసే పెంట ఎక్కువ. అద్దం తుడవడానికి ఒక స్పాంజి ముక్క చాలు. ఈ చేప విషయంలో ఇంకో సంగతి నేను గట్టిగా చెప్పాలి. పెద్దదైపోయిందని జాలిపడి దాన్ని నాగావళిలోనో ఊరి చెరువులోనో వదిలిపెట్టే పని ఎప్పుడూ చేయకండి. అలా వదిలినవే మన తూర్పు కనుమల చెరువుల్లో, కాలవల్లో పిల్లలు పెట్టి వ్యాపించాయి. ఒళ్లంతా గట్టి పలకలు, ముళ్లు. వలలో పడితే వల చిరుగుతుంది, తినడానికి ఎవరూ కొనరు. జాలరివాళ్లు దాన్ని దెయ్యం చేప అనడంలో తప్పేం లేదు. ఏ అక్వేరియం చేపనైనా ఉంచుకోలేకపోతే షాపుకో, పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకో ఇవ్వాలి. నదికి ఇవ్వకూడదు.

ఏ చేప ఏ చేపతో కలుస్తుందని అడిగినప్పుడు అందరూ కొట్లాటల గురించే ఆలోచిస్తారు. నేను ముందు నోరు చూస్తాను. ఒక చేప నోట్లో ఇంకోటి పడుతుందంటే, ఈ రోజు కాకపోతే రేపు అది పడుతుంది. ఆస్కార్ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే లేదు, దాని నోరు పెద్దది, అంతే. ఆ తర్వాత నీళ్లు. చేపలు ఒకదాన్నొకటి ముట్టుకోకుండానే చంపుకోగలవు. ఎలాగంటే, చేప తిన్నది మొప్పల నుంచి అమ్మోనియా అనే విషంగా నీళ్లలోకి వస్తుంది. కంటికి కనబడదు. వాసన కూడా తెలియదు. నీళ్లు తళతళలాడుతూనే ఉంటాయి, చేపలు మాత్రం పైకి తేలి నోళ్లు తెరుస్తాయి, మొప్పలు ఎర్రబడతాయి. పెద్ద చేప ఒక్కటి వేసే పెంట పది చిన్న చేపలది. అందుకే పెద్ద చేపల ట్యాంకులో “ఇంకొక్కటి పడుతుందిలే” అన్న మాట పనికిరాదు.

సిల్వర్ డాలర్లు ఎందుకన్నానంటే, వాటి పేరులాగే గుండ్రంగా, పలచగా, వెండి రూపాయిల్లా ఉంటాయి. లైటు పడినప్పుడు ఐదూ ఒకేసారి మళ్లితే ట్యాంకంతా మెరుస్తుంది. పిరాన్హాకి చుట్టాలే కానీ శాకాహారులు. అరచేతంత, అంటే ఆరంగుళాల దాకా పెరుగుతాయి. ఒకటో రెండో వేస్తే భయంతో మూలకి నక్కుతాయి, ఐదు కంటే తగ్గించకండి. వీటికి నిజం మొక్కలు పెడితే రెండు రోజుల్లో కాడలు మిగులుతాయి. దానికి బదులు పాలకూర ఆకు వేడినీళ్లలో ముంచి తీసి, చిన్న రాయికి రబ్బరు బ్యాండుతో కట్టి వేయండి. పొట్టు తీసిన ఉడికించిన బఠానీలు, కీరా చక్రాలు కూడా తింటాయి. మీ బాబు రోజూ చేయగలిగిన పని అది.

సెవరమ్ కూడా అమెజాన్ నీళ్ల చేపే. ఎనిమిదంగుళాలు పెరుగుతుంది, పళ్లెంలా ఉంటుంది, నడక నిదానం. ఆస్కార్‌కి దూరపు చుట్టమే అయినా దానికున్న ఆకలీ కోపమూ దీనికి లేవు. జంట వేస్తే గుడ్లు పెట్టే రోజుల్లో మిగతావాటిని తరుముతాయి, అందుకే ఒకటే చాలన్నాను. రాయగడలో దొరక్కపోతే విశాఖలో అడగండి, లేదా షాపాయన్నే కలకత్తా నుంచి తెప్పించమనండి. అదీ కుదరకపోతే ఆయన చీటీలోని పారెట్ ఒకటి దాని బదులు వేసుకోవచ్చు. ఆ చీటీలో నేను ఉంచే పేరు అదొక్కటే. పారెట్ కూడా మనుషులు కలిపి పుట్టించిన చేపే, నోరు పూర్తిగా మూసుకోదు, అందుకని తిండి నెమ్మదిగా తింటుంది. డాలర్లు పైన తేలే గుళికలు ఊడ్చేసేలోపు దీనికి మునిగే గుళికలు వేరే వేయాలి. నారింజ, ఎరుపు రంగులు సహజమే. ఊదా, నీలం, లేత ఆకుపచ్చ రంగుల పారెట్లు కనబడితే కొనకండి. అవి ఒంటికి రంగు ఎక్కించినవి. మనం కొంటున్నంత కాలం అలా చేస్తూనే ఉంటారు.

ముందు డాలర్లు తేవాలి. అవి కుదురుకున్న నెలా నెలన్నరకి సెవరమ్. ముందే దాన్ని తెస్తే ట్యాంకంతా తనదే అనుకుంటుంది, తర్వాత వచ్చినవాటిని రానివ్వదు.

ఇక ఆస్కార్ అంటే నాకెంత ఇష్టమో దాచుకోను. మా ఆస్కార్ తొమ్మిదేళ్లు ఉంది మా ఇంట్లో. గోధుమరంగు మీద నిప్పుకణాల్లాంటి చారలు, తోక మొదట్లో కన్నులాంటి గుండ్రటి చుక్క. నేను వీధిగదిలో చెప్పులు విప్పుతుంటే అద్దం దగ్గరికొచ్చి ఒళ్లంతా ఊపేది. గుళికల డబ్బా మూత తిప్పిన చప్పుడు దానికి తెలుసు, మా ఆవిడ పోపుల డబ్బా మూత తీస్తే మాత్రం కదిలేది కాదు. కొత్త మనిషి వస్తే కొయ్యదుంగ వెనక్కి పోయేది. రాళ్లు నోటితో ఎత్తి తనకి నచ్చిన చోట పెట్టుకునేది, మేం సర్దితే మర్నాటికి మళ్లీ దాని లెక్కనే ఉండేవి. ఒకసారి గాజు హీటరు పగలగొట్టింది. ఆ తర్వాత ప్లాస్టిక్ తొడుగున్నది కొన్నాం. మీరూ అదే కొనండి, మీ రాయగడ చలికి పుష్యమాసం రాత్రుల్లో హీటరు లేకుండా ఈ చేపలు తట్టుకోలేవు. బాబుకి ఒక ప్రాణితో స్నేహం కావాలంటే ఆస్కార్‌ని మించింది లేదు. కానీ అది పది పదిహేనేళ్లు బతికే చేప. బాబు ఇంటర్‌కి విశాఖో భువనేశ్వరో వెళ్లిపోయాక బక్కెట్లు మోసేది మీరే. ఆ సంగతి మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోండి.

ఆస్కార్‌కి తిండి అంటే మంచి గుళికలు, రోజుకి రెండుసార్లు, రెండు మూడు నిమిషాల్లో తినేంత. అప్పుడప్పుడు ఒక రొయ్య, ఒక వానపాము. కోడిమాంసం, మేకమాంసం వద్దు, ఆ కొవ్వు దానికి అరగదు. బతికున్న చిన్న గోల్డ్‌ఫిష్‌లు వేస్తే చూడ్డానికి సరదా అని కొందరు చేస్తారు. జబ్బులన్నీ ఆ దారినే ట్యాంకులోకి వస్తాయి.

చేపల కంటే ముందు ట్యాంకు. ఎవరో వాడింది కదా, దాన్ని ముందు మేడ మీదో వరండాలోనో సమతలంగా పెట్టి నిండా నీళ్లు పోసి రెండు రోజులు వదిలేయండి. అద్దాల అతుకుల్లో సిలికాన్ ఎండి చిట్లితే అక్కడ చెమ్మ కనబడుతుంది. ఇంట్లో పెట్టేటప్పుడు లెక్క చూసుకోండి: నీళ్లే పావు టన్ను, అద్దం, ఇసుక, స్టాండు కలిపితే మూడు వందల కిలోలు దాటుతుంది. మొదటి అంతస్తు అన్నారు కాబట్టి గది మధ్యలో వద్దు, బాల్కనీలో అసలు వద్దు. కింద గోడ ఉన్న గోడ పక్కనే, దాని పొడవునా పెట్టండి. ఇంటివాళ్లకి ఒక మాట చెప్పి పెట్టడం మంచిది. ట్యాంకు కింద థర్మోకోల్ షీటు పరవండి. వైర్లన్నీ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా వదలండి, అప్పుడు వైరు వెంట కారిన నీటి చుక్క కింద పడుతుంది, ప్లగ్గులోకి పోదు. నీళ్లలో చెయ్యి పెట్టే ముందు స్విచ్‌లన్నీ ఆపాలని బాబుకి మొదటి రోజే నేర్పండి. పైన మూత తప్పనిసరి, డాలర్లు బెదిరితే దూకుతాయి.

బోరు నీళ్లంటే భయపడక్కర్లేదు, కానీ తోడిన వెంటనే పోయకండి. భూమిలోంచి వచ్చిన నీళ్లలో ప్రాణవాయువు తక్కువ. ఒక డ్రమ్ములో పట్టి, ఎయిర్ పంపు గొట్టం వేసి రాత్రంతా ఉంచండి. తెల్లారి డ్రమ్ము అడుగున ఎర్రటి మడ్డి పేరుకుంటే ఆ నీళ్లలో ఇనుము ఉన్నట్టు, పైపై నీళ్లే వాడండి. మున్సిపాలిటీ కుళాయి నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది, దానికి షాపులో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు వేయాలి.

తర్వాతి మాట మీ బాబుకి నచ్చదు. ట్యాంకు నింపాక నాలుగు నుంచి ఆరు వారాలు చేపలు లేకుండా ఆగాలి. ఫిల్టరు తిరుగుతూ ఉండాలి, రోజూ చిటికెడు చేపల తిండి వేస్తూ ఉండాలి. ఆ తిండి కుళ్లి అమ్మోనియా పుడుతుంది. ఆ అమ్మోనియాని తినే బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో నెమ్మదిగా పెరుగుతుంది. అది అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. దాన్ని నైట్రేట్‌గా మార్చేది ఇంకో రకం. నైట్రేట్ తక్కువగా ఉంటే ఫర్వాలేదు, వారం వారం నీళ్లు మారుస్తూ దాన్ని తగ్గిస్తాం. పాలు తోడుకోవడానికి రాత్రంతా ఆగుతాం కదా, ఇదీ అంతే, తోడు పడాలి. మీ ఊళ్లో ఎవరి దగ్గరైనా బాగా నడుస్తున్న అక్వేరియం ఉంటే వాళ్ల ఫిల్టరు స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చి మీ ఫిల్టరులో పెట్టండి, ఆ తోడుతో పని తొందరగా అవుతుంది. అయిందో లేదో ఊహించకండి, అమ్మోనియా, నైట్రైట్ చూసే చుక్కల కిట్ కొనండి. తిండి వేస్తూనే ఉన్నా రెండూ సున్నా చూపించాకే చేపలు. ఫిల్టరు గంటకి వెయ్యి లీటర్లకి తగ్గకుండా నీళ్లు తిప్పేది తీసుకోండి. దాని స్పాంజిని కుళాయి కింద కడగకండి, ఉన్న బ్యాక్టీరియా పోతుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

ఇక్కడే మీ అత్తగారి మాట. చేప చచ్చిపోతే ఇంటికి కీడని కొందరు, ఇంటిమీదికొచ్చిన కీడుని చేప తీసుకుపోయిందని కొందరు అంటారు. పెద్దావిడ భయాన్ని నేను కాదనను. కొత్త ట్యాంకుల్లో మొదటి నెలలో చేపలు వరసగా పోవడం ఆవిడ చాలా ఇళ్లల్లో చూసే ఉంటారు. అలా పోయేవన్నీ దాదాపు ఈ తోడు పడని నీళ్ల వల్లే పోతాయి. కీడు అనుకున్న ఇంట్లో నీళ్లు పరీక్ష చేయరు, ఇంకో చేప తెస్తారు, అదీ పోతుంది. మీరు ఆవిడకి ఆ చుక్కల కిట్ చూపించండి. అమ్మోనియా పరీక్షలో పసుపు రంగుంటే మంచిది, ఆకుపచ్చకి తిరిగితే నీళ్లు మార్చాలి అని చెప్పండి. మీకంటే జాగ్రత్తగా ఆవిడే చూస్తారు.

కరెంటు గురించి మీరు అడగలేదు, నేనే చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీదికి వచ్చింది. అప్పటికి నా దగ్గర ఆరడుగుల ట్యాంకు, అందులో ఆ ఆస్కార్, ఆరు డాలర్లు. కరెంటు పోయింది, ఇక రాలేదు. సాయంత్రానికి డాలర్లు ఆరూ పైకొచ్చి గుటకలు వేస్తున్నాయి. స్టీలు చెంబుతో నీళ్లు తీసి, భుజం ఎత్తు నుంచి సన్నటి ధారగా మళ్లీ అందులోకే పోయడం మొదలుపెట్టాం. ధార పడినచోట బుడగలు లేస్తే ఆ బుడగల దగ్గరికే చేపలన్నీ చేరేవి. కొవ్వొత్తి వెలుగులో ఇంట్లో నలుగురం వంతులేసుకుని పోశాం. బయట చెట్లు విరుగుతున్న చప్పుడు, లోపల నీళ్ల చప్పుడు. మూడో రాత్రి నా వంతులో నేను గోడకి ఆనుకుని నిద్రపోయాను. లేచేసరికి నాలుగు డాలర్లు వెల్లకిలా తేలి ఉన్నాయి. ఆస్కార్ అడుగున పక్కకి వాలి మొప్పలు మాత్రం ఆడిస్తోంది. అది బతికింది.

అందుకని చార్జింగ్ పెట్టుకునే ఎయిర్ పంపు ఒకటి, ఫిల్టరు కంటే ముందు కొనండి. చిన్నదే, ఫోనులా చార్జ్ అవుతుంది. ఇన్వర్టర్ ఉంటే ఎయిర్ పంపుని దానికి కలపండి, హీటరుని కలపకండి, బ్యాటరీ తాగేస్తుంది. కరెంటు లేనన్నాళ్లూ తిండి ఆపేయండి, తినకపోతే నీళ్లు పాడుకావు. మూత పెట్టే డబ్బా ఫిల్టరయితే, చాలా గంటలు ఆగాక తిరిగి వేసే ముందు లోపలి నీళ్లు పారబోయండి. గాలాడక అందులో బ్యాక్టీరియా చచ్చి నీళ్లు కుళ్లి ఉంటాయి, ఒక్కసారిగా ట్యాంకులోకి వస్తే చేపలకి ప్రమాదం. మే నెల ఎండల్లో కూడా ఎయిర్ పంపు ఆపకండి, నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది.

చేపలు విశాఖ నుంచి తెస్తే ఆక్సిజన్ నింపిన సంచిలో కట్టమని అడగండి, థర్మోకోల్ పెట్టెలో పెట్టుకుని రైల్లో తేవచ్చు. కొనేటప్పుడు రెక్కలు ముడుచుకుని మూలన ఉన్నదాన్ని, ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలున్నదాన్ని తీసుకోకండి, అదే ట్యాంకులో ఉన్న మిగతావి కూడా వద్దు. షాపాయన్ని తిండి వేయమని అడిగి, తిన్నదాన్నే తీసుకోండి. ఇంటికొచ్చాక సంచిని పదిహేను ఇరవై నిమిషాలు మీ నీళ్ల మీద తేలనిచ్చి, చేపని వలతో తీసి వేయండి. సంచిలోని నీళ్లు ట్యాంకులో పోయొద్దు.

తర్వాత వారానికో రోజు నాలుగు బక్కెట్ల నీళ్లు తీసి నాలుగు బక్కెట్లు పోయడం. ఆదివారం పెట్టుకోండి. తీసిన నీళ్లు మేడ మీద కరివేపాకు కుండీకో జామ మొక్కకో పోస్తే వాటికి ఎరువు. ఈ పని ఒక వారం కుదరకపోతే ఫర్వాలేదు, మూడు వారాలు కుదరకపోతే చేపలే చెప్తాయి. ఆస్కార్‌కయితే తల మీద చిన్న చిన్న గుంటలు పడతాయి. నీళ్లు పాడైన ట్యాంకుల్లోనే ఆ జబ్బు ఎక్కువ.

సంక్రాంతి ప్రయాణానికి కంగారు పడకండి. ఎదిగిన ఆరోగ్యమైన చేప వారం రోజులు తినకపోయినా ఉంటుంది. బయల్దేరే రెండు రోజుల ముందు నుంచి తిండి తగ్గించి, ముందురోజు నీళ్లు మార్చండి. పక్కింటివాళ్లకి తాళం ఇస్తే ఫిల్టరు తిరుగుతోందా, హీటరు లైటు వెలుగుతోందా అని మాత్రమే చూడమనండి. గుళికల డబ్బా మాత్రం బీరువాలో పెట్టి వెళ్లండి. చేప ఆకలిగా చూస్తోందని జాలిపడి గుప్పెడు వేశారంటే మీరొచ్చేసరికి నీళ్లు తెల్లగా పాలలా ఉంటాయి. తిరిగొచ్చాక ముందు మొప్పలు, రెక్కలు చూసుకుని, మొదటి పూట మామూలుగా వేసేదాంట్లో సగమే వేయండి.